పొర తీయని మన్‌జూలు

పొర తీయాలా, ఉంచాలా?

మా నాన్న అడిగిన ఈ ప్రశ్నకు నలభై ఏళ్ళు దాటినా ఎవరూ జవాబు చెప్పలేదు. మా దుకాణం వెనుక గదిలో, ఆవిరి గిన్నెల పక్కన నిలబడి అడిగాడు. ఎదురుగా ఉన్నవాడు గని కార్యాలయంలో పనిచేసే కుసాకబె. ప్రశ్న అర్థం కాలేదని అతను అనడానికి వీల్లేదు. హొరొనె ఊళ్ళో పుట్టి పెరిగినవాడెవడూ ఆ మాట అనలేడు.

మేము మన్‌జూలు చేసేవాళ్ళం. గోధుమపిండి ముద్దలో తెల్ల చిక్కుడు గింజల పూర్ణం పెట్టి ఆవిరి మీద ఉడికిస్తాం. పెళ్ళికీ, పురుడుకీ, కొండదేవుడి పండుగకీ, చావుకీ అవే. పిండి మారదు, పూర్ణం మారదు. శుభకార్యానికైతే దించినవి దించినట్టు నున్నగా పంపుతాం. చావుకైతే పొగలు కక్కుతుండగానే పైనున్న సన్నటి పొరను వలుస్తాం. వలిచిన మన్‌జూ ఒళ్ళు మసకగా, కాస్త గరుకుగా, ఆవిరి పట్టిన అద్దంలా ఉంటుంది. చల్లారితే పొర ఊడిరాదు. అందుకని పక్కన చన్నీళ్ళ గిన్నె పెట్టుకుని, వేళ్ళు ముంచుకుంటూ వలవాలి. ఆ పని నాది. నా వేళ్ళ కొసలకు ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు.

పోయిన నెల పురపాలక సంఘం పర్యాటక విభాగం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మూసేసిన గని ముఖద్వారం దగ్గర ఇప్పుడు మ్యూజియం ఉంది. దాని పక్కన వెదురు బొగ్గు కలిపిన నల్లటి మన్‌జూలు అమ్ముతున్నారు. తిన్నవాళ్ళ పళ్ళు నల్లబడతాయి. ఒకరి నోరు ఒకరు ఫొటో తీసుకుని నవ్వుకుంటారు. ఆ పెట్టెలో వేయడానికి చిన్న కాగితం కావాలట.

"గని కార్మికుల అలసట తీర్చిన తీపి గురించి మీ జ్ఞాపకం ఒకటి చెప్పండి అమ్మమ్మగారూ. నాలుగు ముక్కలు చాలు. చదివితే మనసుకి హాయిగా ఉండాలి, అంతే" అంది.

నాలుగు ముక్కలకు ఒదగదు. హాయిగానూ ఉండదు.

*

ఆ ఏడు కొత్త గింజలు తొందరగా వచ్చాయి. జపానుకు ఉత్తరాన ఉన్న మా హొక్కైదోలో అక్టోబరు అంటే మంచుపురుగులు ఎగిరే కాలం. దూది పింజల్లాంటి ఆ పురుగులు కనిపించాయంటే పది పన్నెండు రోజుల్లో మొదటి మంచు పడుతుందని లెక్క. గింజల బస్తాలు విప్పి, ముక్కినవీ ముడతపడినవీ ఏరిపారేస్తూ కూర్చున్నాను. వెనుక తలుపు తోసుకుని నా తమ్ముడు ఇసాము వచ్చాడు. ఉదయం షిఫ్టు దిగి, గని స్నానాలగదిలో ఒళ్ళు రుద్దుకుని వచ్చినా కనురెప్పల అంచున బొగ్గు కాటుక దిద్దినట్టే ఉంది.

"చేతులేవీ, చూపించు" అన్నాడు నాన్న. ఆయన పేరు తొమేకిచి. ఊళ్ళో సగంమంది ఆయన్ని బాబాయ్ అని పిలిచేవారు.

"కడుక్కునే వచ్చాను నాన్నా. సబ్బు సగం అరిగిపోయింది."

"నీ గోళ్ళల్లో ఉన్న బొగ్గుతో నా పొయ్యి ఒక పూట మండుతుంది. గిన్నెలో చెయ్యి పెట్టకు. అక్క తీసిస్తుంది."

"నేను తవ్వకపోతే నీ పొయ్యి ఏం తిని మండుతుందట?"

"మీ తాత కట్టెలతో మండించాడు. ఆయన మన్‌జూలు తిన్నవాళ్ళెవరూ చెడిపోలేదు."

"తాత మన్‌జూలు తిన్నవాళ్ళు పళ్ళు లేక చప్పరించారు. రాళ్ళలా ఉండేవట, అమ్మ చెప్పేది."

నాన్న చేతిలో గరిటె ఎత్తాడు. ఇసాము నవ్వుతూ నా వెనక్కి నక్కాడు. నేను రెండు వేడి మన్‌జూలు వాడి టిఫిన్ డబ్బా మూతలో పెట్టాను. ఒకటి అక్కడే తిన్నాడు. రెండోది మూసి దాచుకున్నాడు.

"లోపల ఎలుకలు నా డబ్బా మీదే కన్నేశాయి అక్కా. మిగతావాళ్ళ డబ్బాలు వాసన చూసి వదిలేస్తాయి, నాదైతే మూత కూడా మిగల్చవు. దూలానికి వేలాడగడితేనే దక్కుతోంది. నాన్నా, నీ ఖాతాదారులు నేల కింద కూడా ఉన్నారు, తెలుసా!"

"వాటికి అరువు ఇవ్వనని చెప్పు" అన్నాడు నాన్న.

వెళ్ళబోతూ ఇసాము గడప దగ్గర ఆగాడు. "కొత్త లెవెల్లో గాలి బరువుగా ఉంటోంది. గోడలు వేడిగా ఉన్నాయి. పైవాళ్ళకి చెప్పాం."

"ఏమన్నారు?"

"విన్నామన్నారు."

అంతే అన్నాడు. మంచుపురుగు ఒకటి వాడి తడిజుట్టు మీద వాలి ఉంది. చేత్తో దులిపేసుకుని వెళ్ళిపోయాడు.

*

గని ఊళ్ళో ఎవరికీ ప్రమాదం శబ్దమై వినిపించదు. శబ్దం ఆగిపోతే తెలుస్తుంది. బొగ్గును పైకి లాగే పట్టా రేయింబవళ్ళు ఘోషిస్తూనే ఉంటుంది. ఆ ఘోషలోనే పిల్లలు పుడతారు, నిద్రపోతారు. మూడో రోజు మధ్యాహ్నం అది ఆగింది. పక్కింటి పసివాడు నిద్రలేచి ఏడవడం మొదలుపెట్టాడు. నాన్న పిండి పిసుకుతున్న చేతులు అలాగే ఉంచి పైకప్పు వైపు చూశాడు. ఇసాము ఆ షిఫ్టులోనే ఉన్నాడు.

గ్యాసు ఒక్కసారిగా ఎగదన్నింది. దాని వెనుక మంటలు పుట్టాయి. ముందు కొందరిని పైకి తెచ్చారు. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది: లోపల చచ్చిపోయినవాణ్ణి పైకి మోసుకొచ్చేటప్పుడు మోసేవాళ్ళు మౌనంగా ఉండరు. లెవెల్ లెవెల్‌కీ పేరు పెట్టి పిలిచి, ఎక్కడి దాకా వచ్చారో చెబుతారు. "ఫలానా, నాలుగో లెవెల్ దాటాం, పైకి వెళ్తున్నాం, మాతో రా." చెప్పకపోతే ప్రాణం దారి తప్పి కిందే ఉండిపోతుంది. గని నోటి దగ్గర నిలబడినవాళ్ళకు మనిషి కన్నా ముందు ఆ పిలుపు వినిపిస్తుంది. ఆడవాళ్ళంతా అందుకోసమే అక్కడ నిలబడ్డారు. ఎవరి పేరు వినబడితే వాళ్ళు కూలబడేవారు. మిగిలినవాళ్ళు సిగ్గుపడుతూనే ఊపిరి పీల్చుకునేవారు.

ఇసాము భార్య చియో అక్కడినుంచి కదలలేదు. నేను అన్నం ముద్దలు పట్టుకెళ్ళాను.

"తిను చియో."

"వినిపించదు వదినా, నములుతుంటే" అంది.

రక్షణ దళం మళ్ళీ దిగింది. లోపల మళ్ళీ పేలింది. దిగినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. ఆ తరువాత పిలుపులు ఆగిపోయాయి. లోపల ఇంకా ఎందరో ఉన్నారు, అందులో నా తమ్ముడు ఉన్నాడు, వాళ్ళు బతికి ఉన్నదీ లేనిదీ చెప్పగలవాళ్ళు లేరు. కంపెనీవాళ్ళు సభామందిరంలో కుటుంబాలను కూర్చోబెట్టి రోజూ ఒకే మాట చెప్పారు: ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, గాలింపు కొనసాగుతోంది.

ఆ మాట చెప్పిన రోజుల్లోనే ఒక రోజు, పొద్దు వాలే వేళకు కుసాకబె మా వెనుక తలుపు దగ్గరికి వచ్చాడు. ఇసాముతో కలిసి చదువుకున్నవాడే. చిన్నప్పుడు మా దుకాణంలో విరిగిపోయిన మన్‌జూల కోసం ఆ తలుపు దగ్గరే కాచుకుని ఉండేవాడు.

"బాబాయ్, ఉన్నావా?"

నాన్న ఒక్క ఉదుటున లేచాడు. "ఏమైనా తెలిసిందా?"

"లేదు బాబాయ్. చూస్తున్నారు." కుసాకబె చెప్పులు విడవకుండా గడపకు అవతలే నిలబడ్డాడు. "ఒక ఆర్డరు ఉంది. పెద్ద సైజువి. పెట్టెకి రెండు చొప్పున. ఎల్లుండి మధ్యాహ్నానికి గని దగ్గరికి పంపాలి. చాలా కావాలి, ఒక్కడివి చెయ్యలేకపోతే మనుషుల్ని పంపిస్తాను."

"దేనికి?"

"సభ ఉంది."

"ఏం సభ?"

"సభే బాబాయ్. హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. పెట్టెలు శుభ్రంగా ఉండాలి."

నాన్న చేతులు తుడుచుకున్నాడు. ఆర్డరు ఇచ్చిన ప్రతివాణ్ణీ అడిగే ప్రశ్న, అదే గొంతుతో అడిగాడు.

"పొర తీయాలా, ఉంచాలా?"

కుసాకబె ఆవిరి గిన్నెల వైపు చూశాడు.

"నీకు తెలియనిదేముంది బాబాయ్."

"నాకు తెలీదబ్బాయ్. నీకు తెలుసు. చెప్పు."

"నీ అనుభవమంత లేదు నా వయసు. నేను చెప్పేదేంటి."

"నా అనుభవం ఎవరు పెళ్ళాడుతున్నారో, ఎవరు పోయారో చెప్పదు. ఆర్డరు ఇచ్చినవాడే చెప్పాలి. తీయాలా, ఉంచాలా?"

కుసాకబె టోపీ పెట్టుకున్నాడు. "దళం పైకి వచ్చే వేళైంది. వస్తాను" అని వెళ్ళిపోయాడు. తలుపు వేయడం కూడా మరిచాడు. చలిగాలి లోపలికి కొట్టింది.

నేను తలుపు మూసి వచ్చేసరికి నాన్న తొట్టెలోకి గింజలు పోస్తున్నాడు. ఆ ఏటి కొత్త గింజలు.

"నాన్నా, ఏం చేస్తున్నావు?"

"కనబడ్డం లేదూ?"

"ఎందుకు నానబోస్తున్నావని అడుగుతున్నా."

"తెల్ల గింజ ఒక రాత్రంతా నానాలి. ఉడికించి, వడగట్టి, పూర్ణం చెయ్యడానికి ఒక పగలు కావాలి. ఎల్లుండి మధ్యాహ్నం అన్నాడంటే ఇప్పుడే పొయ్యాలి."

"నాన్నా!"

ఆయన నా వైపు తిరగలేదు. నీళ్ళు నింపుతూ అన్నాడు. "వాడు చావుకని అన్నాడా? అనలేదుగా. రేపు వాళ్ళందర్నీ పైకి తెచ్చారనుకో. ఊరంతా వచ్చి కూర్చుంటుంది. అప్పుడు నేనేం పెట్టను? గింజలు రెడీగా ఉండాలి."

గింజలు తొట్టె అడుగున తెల్లగా పడి ఉన్నాయి. నాన్న చేతులు నీళ్ళల్లోనే ఉంచుకుని చాలాసేపు నిలబడ్డాడు.

*

మర్నాడు నేను పూర్ణం వడగడుతుండగా చియో దగ్గరినుంచి పిలుపు వచ్చింది. కంపెనీవాళ్ళు ఇంటింటికీ తిరుగుతున్నారట, నన్ను రమ్మంది. చేతులకు గింజల వాసనతోనే వెళ్ళాను.

కంపెనీ వరస ఇళ్ళలో వాళ్ళది చివరిది. గోడకు ఇసాము దూది కోటు వేలాడుతోంది. చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని కుసాకబె ఉన్నాడు, అతని పక్కన ఇంకో పెద్ద అధికారి ఉన్నాడు. ఆ అధికారి ముందుగా వల్లె వేసుకొచ్చినట్టు చెప్పుకుపోతున్నాడు: లోపల మంటలు అదుపు తప్పాయి, దళాలను ఇక పంపడం ప్రాణాంతకం, మంట ఆర్పకపోతే గని మొత్తం పోతుంది, గనితోపాటు ఊరు పోతుంది, నదినీళ్ళను లోపలికి మళ్ళించడం తప్ప మార్గం లేదు, కుటుంబసభ్యుల అంగీకారం లేనిదే కంపెనీ ఆ పని చేయదు.

చియో అంతా విని ఒక్క మాట అంది.

"ఆయనకి ఈత రాదు."

అధికారి తడబడ్డాడు. "అమ్మా, లోపల ప్రాణాలతో ఎవరూ ఉండే అవకాశం లేదని..."

"చూశారా?"

"పరికరాలు చెబుతున్నాయి."

"మీ పరికరాలకి మొగుళ్ళున్నారా?"

కుసాకబె నుదురు చాపకు ఆన్చాడు. "చియోగారూ, దయచేసి. మిగతా ఇళ్ళవాళ్ళంతా అంగీకార పత్రం మీద ముద్ర వేశారు. మీ ఒక్కరిదే..."

అతని తల వెనుక భాగం నాకు కనిపిస్తోంది. మా తలుపు దగ్గర విరిగిన మన్‌జూల కోసం నిలబడిన తల అదే. అడిగాను.

"కుసాకబె, రేపు మధ్యాహ్నం సభకి నిన్న సాయంత్రం మా నాన్నకి ఆర్డరు ఇచ్చావు. అంగీకారం అడుగుతున్నది ఇవాళ. ఈ రెండూ ఎలా పొసుగుతాయో చియోకి చెప్పు."

అధికారి కుసాకబె వైపు చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు, విసుగు ఉంది.

"అది ముందుజాగ్రత్త కోసం..." అన్నాడు కుసాకబె, తల ఎత్తకుండా.

"ఎవరిమ్మన్నారు?"

కుసాకబె నుదురు చాపకు ఇంకా గట్టిగా ఆన్చాడు.

"పేరు చెప్పు కుసాకబె. ఎవరిమ్మన్నారు?"

చియో నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది. "మిఠాయిలు కూడా చెప్పేశారా? మరి నా ముద్ర దేనికయ్యా? పెట్టె మీద అతికించుకోడానికా?"

ఆమె వేసేది కాదు. ఆ అధికారి సాయంత్రం దాకా కూర్చున్నా, ఆ కుసాకబె చాపలోకి కుంగిపోయినా వేసేది కాదు. నాకు తెలుసు.

గడప దగ్గర మా దుకాణం పక్కింటి ఒనోదెరా భార్య నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. వీపున పసివాడు. పట్టా ఘోష ఆగిన రోజున నిద్రలేచి ఏడ్చినవాడే. భర్త రక్షణ దళంలో ఉన్నాడు.

"చియో" అంది. పసివాణ్ణి వీపు మీద పైకి సర్దుకుంది. "మా ఆయన్ని సాయంత్రం దిగమన్నారు. నువ్వు వెయ్యకపోతే."

ఇంకేమీ అనలేదు. బతిమాలలేదు. వీపున ఉన్నవాడు ఆమె జుట్టు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు.

ఆ మాట ఆమెతో ఎవరు చెప్పించారో నేను ఊహించగలను. ఇంటి ముందుకు ఎవరు తీసుకొచ్చి నిలబెట్టారో కూడా ఊహించగలను. ఊహించినదాన్ని రాయను. ఆ అధికారి ఆమె రాకకు తల తిప్పలేదన్న సంగతి మాత్రం రాస్తాను.

చియో లేచి సొరుగు తెరిచింది. సంతకానికి బదులు వేసే ఇంటిపేరు ముద్ర తీసింది. ఎండిపోయిన సిరా అంటుకోవడానికి అందరూ చేసేదే, ముద్రను నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊపిరి వదిలింది. తరువాత నొక్కింది.

"వెళ్ళు" అంది ఒనోదెరా భార్యతో. "వెళ్ళి వంట చూసుకో."

*

మర్నాడు తెల్లవారకముందే పొయ్యి వెలిగించాం. నాన్న ముద్దలు చుడుతుంటే నేను గిన్నెల్లో పేర్చాను. కూలికి వస్తామన్నవాళ్ళను నాన్న రానివ్వలేదు.

మొదటి గిన్నె దించే వేళకు, అలవాటు కొద్దీ, చన్నీళ్ళ గిన్నె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను. తిప్పాను. నీళ్ళు వచ్చాయి, ఎప్పటిలాగే, గలగలా. గిన్నె సగం నిండింది. అప్పుడు ధార సన్నబడింది. వేలంత, తాడంత, దారమంత అయింది. పూర్తిగా ఆగలేదు. దారంలా పడుతూనే ఉంది.

మా ఊరి కుళాయిలకూ, గనికీ నది ఒక్కటే.

నాన్న చూశాడు. నేనూ ఆయనా ఆ దారాన్నే చూస్తూ నిలబడ్డాం. వెనుక ఆవిరి మూత ఎగిరెగిరి పడుతుంటే ఆయనే ముందు కదిలి, కుళాయి కట్టేశాడు. బిగించాడు. ఇంకా బిగించాడు.

నేను గిన్నె బల్ల మీద పెట్టి, దించిన మన్‌జూ మీద వేలు పెట్టాను.

"ముట్టుకోకు" అన్నాడు నాన్న.

"చల్లారితే రాదు నాన్నా."

"వాడు తీయమని చెప్పలేదు."

"నాన్నా..."

"అడిగాను ఫుసాయే. నువ్వు ఉన్నావుగా. రెండుసార్లు అడిగాను. చెప్పనివాడికి నేనెలా తీసేది?"

గిన్నె తరువాత గిన్నె దించాం. అన్నీ నున్నగా, తెల్లగా, పెళ్ళివారింటికి వెళ్ళేవాటిలా ఉన్నాయి. చన్నీళ్ళ గిన్నె బల్ల మీద అలాగే ఉండిపోయింది. పెట్టెల్లో రెండేసి పెట్టి మూతలు వేశాం.

*

గని నోటి ముందు నల్లగుడ్డ కట్టారు. పూలదండలు వచ్చాయి. హెడ్డాఫీసు డైరెక్టరు కాగితం చూసి చదివాడు: కన్నీటి మధ్య తీసుకున్న నిర్ణయం అన్నాడు, కుటుంబాల విశాల హృదయం అన్నాడు. ఆయన చదువుతున్నంతసేపూ నేల కింద నీళ్ళు పోతున్న చప్పుడు మా అరికాళ్ళకు తెలుస్తోంది.

పెట్టెలు పంచారు. నేను చియో పక్కన కూర్చున్నాను. ముందు వరసలో హెడ్డాఫీసువాళ్ళు, వెనుక వరసల్లో మేము.

నా ముందున్న ఒక ముసలామె మూత తీసింది. చూసింది. మళ్ళీ వేసింది. పక్కామెను మోచేత్తో పొడిచింది. ఆమె తీసింది, చూసింది, వేసింది. మూతలు తీస్తున్న చప్పుడు, వేస్తున్న చప్పుడు వరస వెంట వరసగా వెనక్కి పాకింది. ఊరికి ఊరంతా చదువుకున్న ఆ ఒక్క మాటను ముందు వరసవాళ్ళు ఒక్కరూ చదవలేకపోయారు. డైరెక్టరు తనకిచ్చిన పెట్టె విప్పి, ప్రయాణపు ఆకలి మీద ఉన్నాడేమో, ఒకటి తిన్నాడు.

"బాగుంది. పైన ఎంత మెత్తగా, నున్నగా ఉందో! ఈ ఊరిదేనా?" అని పక్కనున్నవాణ్ణి అడిగాడు.

పక్కనున్నవాడు కుసాకబె. అతని ఒళ్ళో పెట్టె తెరిచి ఉంది. ముఖం పిండిముద్దలా ఉంది. "అవునండీ. ఈ ఊరిదే" అన్నాడు.

చియో మూత తీసి బొటనవేలితో ఆ నున్నటి పొరను నిమిరింది.

"వదినా, వలవలేదు."

"లేదు."

"మావయ్యేనా?"

"ఊఁ."

"అయితే ఇంకా ఎవరూ చావలేదన్నమాట" అంది, మెల్లగా. మూత వేసి, రెండు చేతుల్తో పొట్టకు హత్తుకుంది.

శుభానికి చేసినదాన్ని చావు దగ్గర తినకూడదు. చేతికిచ్చినదాన్ని పారేయకూడదు. అందుకని వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరే తమ పెట్టెను గని నోటి ముందు నేల మీద పెట్టి వెళ్ళారు. ఆ సాయంత్రమే మొదటి మంచు పడింది. పెట్టెలన్నిటి మీదా ఇంకో మూత వేసినట్టు పడింది. కాకులకు కూడా అందలేదు.

కుసాకబె చీకటి పడకముందే మా వెనుక తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఎందుకిలా చేశావు బాబాయ్? హెడ్డాఫీసువాళ్ళకి తెలీలేదు కాబట్టి సరిపోయింది. తెలిసుంటే నా ఉద్యోగం?"

"నేనడిగాను. నువ్వు చెప్పలేదు."

"ఇప్పుడు చెబితే ఏం లాభం?"

"ఇప్పుడైనా చెప్పు. తీయాలా, ఉంచాలా? ఎవరిమ్మన్నారో అదీ చెప్పు."

అతని పెదవులు కదిలాయి. కదిలాయని ప్రమాణం చేసి చెప్పగలను. తరువాత నడుము వంగేదాకా నమస్కరించి, మంచులోకి వెళ్ళిపోయాడు. ఆ చలికాలంలోనే అతనికి పెద్ద పట్నానికి, పెద్ద ఉద్యోగానికి బదిలీ అయింది. కిందటి ఏడాది పోయాడని విన్నాను. అతని చావుకు మన్‌జూలు ఎవరు చేశారో తెలియదు. పొర వలిచే ఉంటారు.

*

మంచు కరిగే వేళకు లోపలి నీళ్ళు తోడారు. ఇసామును చివర్లో తెచ్చారు. పిలుపు వినిపించింది. "ఇసామూ, మూడో లెవెల్ దాటాం. ఇసామూ, రెండో లెవెల్. పైకి వెళ్తున్నాం, మాతో రా." పిలిచినవాళ్ళలో ఒనోదెరా గొంతు ఉంది. చియో ఈసారి దూరంగా నిలబడింది.

డాక్టరు కాగితంలో గ్యాసు వల్ల, ప్రమాదం జరిగిన మొదటి గంటలోనే అని రాశారు. అందరికీ అదే రాశారు.

మోసుకొచ్చినవాళ్ళు మాకు ఇంకో సంగతి చెప్పారు. వాడు పనిచేసిన చోట దొరకలేదు. రెండు లెవెళ్ళు పైన, గాలి దారిని మూసి తెరిచే తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. తలపైన దూలానికి వాడి టిఫిన్ డబ్బా తీగతో వేలాడగట్టి ఉంది.

మొదటి గంటలో చచ్చిపోయినవాడు డబ్బా పట్టుకుని రెండు లెవెళ్ళు ఎక్కడు. ఎక్కినా, ఎలుకలకు అందకుండా దూలానికి కట్టుకోడు. మళ్ళీ తినాలనుకున్నవాడే కట్టుకుంటాడు. ఈ మాట నేను కంపెనీకి చెప్పాను, విచారణ సంఘానికి చెప్పాను, పత్రికలవాళ్ళకు చెప్పాను. అందరూ రాసుకున్నారు. విన్నామన్నారు.

ఆ రోజు నాన్న మన్‌జూలు చేశాడు. గిన్నె దించగానే వలవడానికి నేను చేయి చాచాను. ఆయన నన్ను పక్కకు జరిపాడు. ఒక్కడే నిలబడి అన్నీ వలిచాడు. చన్నీళ్ళ గిన్నె పెట్టుకోలేదు.

ఆ తరువాత మా పొయ్యి వెలగలేదు. గని కూడా ఎంతోకాలం నడవలేదు. దేన్ని కాపాడడానికి నీళ్ళు పోశామన్నారో దాన్ని మరుసటి ఏడు వాళ్ళే మూసేశారు. చియో తన అక్క ఊరు వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు కొత్త సంవత్సరం కార్డు వచ్చేది, ఆగిపోయింది. నాన్న ఆ వేళ్ళతో ఇంకో ఆరేళ్ళు బతికాడు. వరస ఇళ్ళు కూల్చేశారు. నది ఇప్పుడు బాగా పారుతోంది.

పర్యాటక విభాగం అమ్మాయి వచ్చే వారం వస్తానంది. ఆమెకు ఈ కాగితాలే ఇస్తాను. నల్ల మన్‌జూల పెట్టెలో వీటిని వేయరు. అందుకే మీకు చెబుతున్నాను, మీరు ఏ ఊరివాళ్ళయినా సరే. నేల కింద మనుషులు ఉండగా నేల మీద ఎవరైనా మీ చేతిలో తెల్ల పెట్టె పెడితే, ముందు అడగండి. గింజలు ఎప్పుడు నానబోశారో అడగండి. ఎవరు నానబోయమన్నారో అడగండి. పేరు చెప్పేదాకా తినకండి.